ఒకే ఫ్లాట్, ఒకే కొనుగోలుదారు, ఇద్దరు బ్రోకర్లు: కమీషన్ ఎవరికి, ఎంత?

ప్రశ్న: వనస్థలిపురంలో మాకు 1,250 ఎస్ఎఫ్‌టీ ఫ్లాట్ ఉంది. అమ్మాలనుకున్నప్పుడు మా కాలనీలోనే ఆఫీసున్న బ్రోకరుకు చెప్పాను. ఆయన వాట్సాప్‌లో "2 పర్సెంట్ మేడమ్, ఓకేనా" అని పెడితే బొటనవేలి బొమ్మ పెట్టాను. నెల రోజుల్లో నలుగురిని తీసుకొచ్చాడు. వాళ్లలో ఒకాయన 65 లక్షలకు అడిగారు. నేను 70కి తగ్గనన్నాను, బేరం పోయింది. "ఇక వాళ్లు రారు మేడమ్, వదిలేయండి" అని బ్రోకరే అన్నాడు. రెండున్నర నెలల తర్వాత ఇంకో బ్రోకరు ద్వారా అదే ఆయన మళ్లీ వచ్చారు. 68 లక్షలకు కుదిరింది, ఆయన భార్య పేరున సేల్ అగ్రిమెంట్ అయింది. రెండో బ్రోకరుకు ఒక శాతం ఒప్పుకుని 25 వేలు ఇచ్చాను. రిజిస్ట్రేషన్‌కు ఇంకా మూడు వారాలుంది. ఇప్పుడు మొదటి బ్రోకరు వచ్చి 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,60,480 రూపాయలు ఇవ్వాలంటున్నాడు. లేకపోతే రిజిస్ట్రేషన్ ఆపిస్తాడట. ఎవరికో చూపిస్తానని తీసుకెళ్లిన మా లింక్ డాక్యుమెంట్ (ఫ్లాట్ అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజు) ఒరిజినల్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఆయనకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు కూడా లేదని విన్నాను. అసలు ఇవ్వాలా?

– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ లింక్ డాక్యుమెంట్ వెనక్కి తెచ్చుకోండి.

రిజిస్ట్రేషన్ ఆపిస్తాననే మాటకు భయపడకండి. సబ్ రిజిస్ట్రార్ అమ్మేవాళ్లెవరు, కొనేవాళ్లెవరు, స్టాంపు డ్యూటీ కట్టారా, ఆ ఆస్తి రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాలో ఉందా అని చూస్తారు. బ్రోకరుకు ఇవ్వాల్సింది ఇచ్చారా అని ఎవరూ అడగరు. కమీషన్ బాకీ ఉన్నంత మాత్రాన మీ ఫ్లాట్ మీద ఆయనకు హక్కు పుట్టదు. ఆపాలంటే కోర్టు ఉత్తర్వు తేవాలి. లక్షన్నర కమీషన్ కోసం 68 లక్షల అమ్మకాన్ని కోర్టు ఆపడం చాలా అరుదు.

అసలు చిక్కు ఆ కాగితంతోనే. మీ దగ్గర కొనేవాళ్లు హోమ్ లోన్ తీసుకుంటున్నారా? తీసుకుంటుంటే బ్యాంకు లాయరు లింక్ డాక్యుమెంట్ల ఒరిజినల్స్ అడుగుతారు. ఒక్కటి తగ్గినా రిజిస్ట్రేషన్ రోజు మీ చేతికి రావాల్సిన డీడీ బ్యాంకు మనిషి బ్యాగులోనే ఉండిపోతుంది. మీ బ్రోకరుకు ఈ సంగతి బాగా తెలుసు.

చట్టంలో ఆయనకు కొంత ఊతం కూడా ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 221వ సెక్షన్ ప్రకారం, తన పని కోసం యజమాని ఇచ్చిన కాగితాలను, ఆ పని తాలూకు కమీషన్ బాకీ తీరేదాకా ఏజెంటు తన దగ్గర అట్టిపెట్టుకోవచ్చు. అయితే బాకీ అనేది ఇవ్వాల్సిన గడువు వచ్చాకే బాకీ. అదే చట్టం 219వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం రాదు. అగ్రిమెంట్ రోజే ఇస్తానని మీరు ఎక్కడా రాసివ్వలేదు. కాబట్టి రిజిస్ట్రేషన్ కాకముందే కాగితం పట్టుకుని డబ్బు అడగడానికి ఆయనకు గట్టి ఆధారం లేదు. ఇది మీకు అనుకూలమైన అంశం. కానీ దీని మీద కోర్టుకెళ్లి వాదించేంత టైము మీకు లేదు, ఉన్నది మూడు వారాలే.

అందుకే ఈ రోజే వాట్సాప్‌లో ఆయనకు ఇలా పెట్టండి: "నమస్తే అండీ. ఫలానా నంబరు, ఫలానా సంవత్సరం లింక్ డాక్యుమెంట్ ఒరిజినల్ మీ దగ్గర ఉంది. శుక్రవారం సాయంత్రం లోపల ఇవ్వగలరు. మీ కమీషన్ విషయం మాట్లాడడానికి నేను సిద్ధంగా ఉన్నాను, ఆదివారం కలుద్దాం." ఇందులో ఇంత ఇస్తానని గానీ, అసలు ఇవ్వనని గానీ రాయొద్దు. ఆయన "డబ్బు ఇచ్చి తీసుకెళ్లండి" అని జవాబిచ్చినా మీకు లాభమే, కాగితం తన దగ్గరుందని ఒప్పుకున్నట్టవుతుంది. వాయిస్ మెసేజ్ పెడితే డిలీట్ చేయకండి.

అదే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ డాక్యుమెంట్ సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయండి. అది ఒరిజినల్‌తో సమానం కాదు గానీ, బ్యాంకు లాయరుతో మాట్లాడేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. కొనేవాళ్లకు కూడా ఇప్పుడే చెప్పండి. ఈ విషయం వాళ్లకు రిజిస్ట్రేషన్ రోజు తెలిస్తే మీ మీద నమ్మకం పోతుంది, అగ్రిమెంట్ గడువు పేరుతో కొత్త పేచీ మొదలవుతుంది. ఒకవేళ ఆయన "నా దగ్గర లేదు, ఎప్పుడో ఇచ్చేశాను" అన్నాడంటే అప్పుడిక కమీషన్ గొడవ కాదు. పోలీసు స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. బ్యాంకులు ఆ ఫిర్యాదు కాపీ, పేపరు ప్రకటన, సర్టిఫైడ్ కాపీ మూడూ చూసి, కొనేవాళ్ల లాయరు ఒప్పుకుంటే ముందుకెళ్తాయి. దానికి రోజులు పడతాయి కాబట్టే తొందర చేయమంటున్నాను.

ఇక అసలు ప్రశ్న. ఇవ్వాలా? ఎంతో కొంత ఇవ్వాలి. ఆయన అడిగినంత కాదు.

నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. మీరు బొటనవేలి బొమ్మ పెట్టారు, తర్వాత ఫ్లాట్ చూపించనిచ్చారు, కాగితం చేతికిచ్చారు, ఆయన నలుగురిని తెచ్చాడు. "నేను ఏమీ ఒప్పుకోలేదు" అంటే వినేవాళ్లుండరు. స్టాంపు పేపరు లేదు కదా అని ధీమాగా ఉండొద్దు.

కానీ తిరిగినందుకు కమీషన్ రాదు. "కాళ్లరిగేలా తిరిగాను, పెట్రోలు ఖర్చయింది" అనే మాట మనసుకు తగులుతుంది గానీ, లెక్క అది కాదు. అమ్మకం ఎవరి కృషి వల్ల జరిగిందన్నదే ప్రశ్న. కొనుగోలుదారును పరిచయం చేయడం, ఆ పరిచయం నుంచే బేరం తెగడం, ఈ రెంటికీ లంకె ఉండాలి. ఒక్క పరిచయం చాలదు. అలాగని ఆ లంకెను మీరే తెంపేసి "నువ్వు లేకుండానే అయింది" అంటే చెల్లదు.

ఈ విషయంలో 1950లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి ఇప్పటికీ లాయర్లు చూపిస్తుంటారు. కలకత్తాలో ఒక ఇంటి యజమాని బ్రోకరుకు నెల రోజుల గడువుతో ఉత్తరం రాసిచ్చాడు, ఏ ధర వస్తే ఎంత కమీషనో అందులో ఉంది. బ్రోకరు 1,10,000 రూపాయలకు కొనేవాళ్లను తెచ్చాడు. యజమాని బ్రోకరును పక్కనపెట్టి, ఆ కొనేవాళ్ల తరఫు మనిషికే 1,05,000కు రాసిచ్చాడు. బ్రోకరు తన పని చేసేశాడని, ఆయన కమీషన్ ఆయనకు రావాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి మీ విషయంలో అగ్రిమెంట్ భార్య పేరున అయిందనే వాదన పక్కనపెట్టేయండి. ఫ్లాట్ చూసింది, బేరమాడింది ఆమె భర్తే. పేరు మార్చినంత మాత్రాన కొనేది వేరే మనిషి అయిపోడు.

మీ కేసుకూ దానికీ తేడా కూడా ఉంది, అదే మీ బలం. అక్కడ బ్రోకరు చెప్పిన ధరకు మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఇక్కడ 65కూ 70కీ మధ్య బేరం కుదరక ఆగిపోయింది. ఐదు లక్షల తేడాను మొదటి బ్రోకరు దాటించలేకపోయాడు. "వదిలేయండి" అని చేతులెత్తేశాడు. రెండున్నర నెలల తర్వాత ఇంకొకరు కూర్చోబెట్టి 68కి తెగ్గొట్టారు. మీరు ఆయన్ను తప్పించి నేరుగా అమ్ముకోలేదు, దాచిపెట్టీ అమ్మలేదు.

అందుకే ముందు కొనేవాళ్లను సూటిగా ఒక మాట అడగండి: "రెండోసారి మా ఫ్లాట్ దగ్గరికి ఎలా వచ్చారు?" రెండో బ్రోకరు వేరే ఫ్లాట్లు చూపిస్తూ మధ్యలో మీది చెప్పాడా? లేక వాళ్లకే మీ ఫ్లాట్ నచ్చి, మొదటి బ్రోకరుకు కమీషన్ ఎగ్గొట్టడానికి ఇంకొకరిని పట్టుకుని వచ్చారా? మొదటిదైతే ఆయన వాదన చాలా బలహీనపడుతుంది. రెండోదైతే బలపడుతుంది, అప్పుడు కొనేవాళ్లు కూడా కొంత భరించాలని మీరు అడగొచ్చు. "ఇక వాళ్లు రారు" అన్న మాట వాట్సాప్‌లో ఉందా, ఫోన్లో అన్నాడా అనేది కూడా చూసుకోండి. రాతలో ఉంటే అదొక్కటే బేరంలో సగం పని చేస్తుంది.

ఈ లెక్కన నా అభిప్రాయం చెప్తాను. హైదరాబాద్‌లో పాత ఫ్లాట్ల అమ్మకాల్లో అమ్మేవాళ్ల వైపు నుంచి ఒక శాతం మామూలు, కొందరు రెండు అడుగుతారు. సేల్ కమీషన్ ఇంతే ఉండాలని ఏ చట్టమూ చెప్పదు, మాట్లాడుకున్నదే లెక్క. మీరు మొదటాయనకు రెండు శాతం ఒప్పుకున్నది మొదలుపెట్టినప్పటి నుంచి రిజిస్ట్రేషన్ దాకా నడిపించే మొత్తం పనికి. ఆయన చేసింది సగం. కాబట్టి ఒక శాతం, అంటే 68,000కు మించి ఇవ్వాల్సిన అవసరం కనిపించడం లేదు. రెండో బ్రోకరుకు మీరు ఒప్పుకున్న ఒక శాతంలో 25 వేలు పోను 43,000 బాకీ. రెండూ కలిపి మీ జేబులోంచి పోయేది 1,36,000. ఇది మీరు మొదట్లో ఒప్పుకున్న రెండు శాతమే. దీన్ని గీతగా పెట్టుకోండి, మూడు శాతం దాకా పోనివ్వకండి.

ఇద్దరినీ ఒకే రోజు ఒకే చోట కూర్చోబెట్టండి. విడివిడిగా మాట్లాడితే ఒకరి మాట ఇంకొకరికి వేరేలా చేరుతుంది. బ్రోకర్ల మధ్య షేరింగ్ అనేది రోజూ జరిగేదే. ఒకరు కస్టమరును తెస్తారు, ఇంకొకరు ప్రాపర్టీని తెస్తారు, వచ్చింది పంచుకుంటారు. పైగా రెండో ఆయన కొనేవాళ్ల దగ్గర కూడా ఒక శాతం తీసుకుంటూ ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. తీసుకుంటుంటే మీ వైపు వాటాలో కొంత వదులుకోమని మొదటాయనే అతన్ని అడుగుతాడు. ఆ బేరం వాళ్లిద్దరి మధ్య నడవనివ్వండి, మీరు మొత్తం అంకె దగ్గరే ఆగండి.

జీఎస్టీ సంగతి. సర్వీసుల మీద ఏడాదికి 20 లక్షలు దాటిన టర్నోవర్ ఉన్నవాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు జీఎస్టీ పేరుతో రూపాయి కూడా వసూలు చేసే హక్కు లేదు. ఆయన జీఎస్టీ నంబరు అడగండి. 15 అక్షరాలుంటుంది, తెలంగాణదైతే 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఏ పేరు మీద ఉందో, యాక్టివ్‌గా ఉందో లేదో కనిపిస్తుంది. నిజంగా ఉంటే ట్యాక్స్ ఇన్వాయిస్ ఇవ్వమనండి. అప్పుడు 68,000 మీద 12,240 అవుతుంది. మొదట "2 పర్సెంట్" అన్నప్పుడు జీఎస్టీ వేరని ఆయన చెప్పలేదు కాబట్టి, అది అందులో కలిసే ఉందని మీరు వాదించవచ్చు. నంబరు చెప్పలేకపోతే ఆయన జీఎస్టీ కింద అడుగుతున్న 24,480 రూపాయల మాట అక్కడితో ఆగిపోతుంది.

రెరా నంబరు లేదనే వాదన మీద ఆశ పెట్టుకోవద్దు. చాలామంది ఈ ఒక్క పాయింటు పట్టుకుని "రెరా లేదు, కమీషన్ లేదు" అంటారు. 2016 నాటి రెరా చట్టం 9వ సెక్షన్ ఏజెంటు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది ప్రధానంగా ప్రమోటర్లు (ప్రాజెక్టు కట్టే బిల్డర్లు) అమ్మే, రెరాలో నమోదైన ప్రాజెక్టుల విషయంలో. నమోదు లేకుండా అలాంటి ప్రాజెక్టుల్లో అమ్మితే 62వ సెక్షన్ కింద రోజుకు 10,000 చొప్పున, ప్రాపర్టీ విలువలో 5 శాతం దాకా జరిమానా పడుతుంది. మీరు సొంతంగా వాడుకుంటున్న ఫ్లాట్‌ను ఇంకొకరికి అమ్ముతున్నారు. ఆ సెక్షన్ మీకు ఆయుధంగా పనికొస్తుందని చెప్పలేను. నోటీసులో ఆ ఒక్క వాదనే రాసి, మిగతా బలమైన పాయింట్లు వదిలేసినవాళ్లు నష్టపోతారు.

"ఇప్పుడు ఇవ్వను, రిజిస్ట్రేషన్ అయ్యాక ఏం చేస్తాడో చూద్దాం" అనే సలహా మీకు చుట్టాలెవరో ఇచ్చే ఉంటారు. పట్టించుకోకండి. దావా వేయడానికి ఆయనకు మూడేళ్ల గడువుంటుంది. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) తీస్తే ఎవరికి అమ్మారో, ఎంతకు రాశారో, డాక్యుమెంట్ నంబరెంతో అన్నీ కనిపిస్తాయి. దాచేదేమీ ఉండదు. లాయరు నోటీసు వస్తే మౌనంగా ఉండకుండా, అందులో ఇచ్చిన గడువు లోపలే లాయరు చేత జవాబు పంపండి. ఆ జవాబులో "అసలు ఈయనెవరో తెలియదు" లాంటి మాటలు రాయనివ్వకండి, ఒక్క వాట్సాప్ స్క్రీన్‌షాట్‌తో మీ మాట మొత్తం పోతుంది.

ఆ చాట్‌ను ఈ రోజే ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. ఆ ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్ కూడా జత చేయాలి. అసలు ఫోను ఉంటే ఆ పని సులువు. సేల్ అగ్రిమెంట్‌లో సాక్షి సంతకాలు ఎవరివో కూడా చూడండి. మన దగ్గర బ్రోకర్లు సాక్షులుగా సంతకం పెట్టడం మామూలే. అక్కడ రెండో ఆయన సంతకం ఉంటే, బేరం తెగ్గొట్టింది ఆయనే అని చెప్పడానికి పనికొస్తుంది.

ఇంటికొచ్చి అరవడం, మనుషుల్ని తేవడం, కొనేవాళ్లకు ఫోన్ చేసి ఫ్లాట్ మీద లిటిగేషన్ ఉందని చెప్పడం లాంటివి చేస్తే ఊరుకోవద్దు. స్టేషన్లో రాసివ్వండి. అయితే కమీషన్ ఎంతో తేల్చమని పోలీసులను అడగకండి, అది వాళ్ల పని కాదు. కూర్చున్నా తేలకపోతే ఎల్బీనగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టుల దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. దావా వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. రెండో పక్షాన్ని పిలిచి మాట్లాడతారు, ఒప్పందం కుదిరితే లోక్ అదాలత్ అవార్డు (తీర్పు) ఇస్తారు. దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఈ మొత్తానికి కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరగడం కంటే ఇదే మీ ఇద్దరికీ మేలు.

ఒప్పందం కుదిరాక డబ్బు ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యం. క్యాష్ ఇవ్వకండి. చెక్కు గానీ, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ గానీ చేసి, కాగితం మీద ఆయన చేత ఇలా రాయించుకోండి: "ఫలానా ఫ్లాట్ అమ్మకానికి సంబంధించి నాకు రావాల్సిన కమీషన్ మొత్తం 68,000 రూపాయలు ఫలానా తేదీన ఫలానా చెక్కు ద్వారా ముట్టింది. ఇకపై ఈ ఫ్లాట్ గురించి అమ్మినవారి మీద గానీ కొన్నవారి మీద గానీ నాకు ఏ క్లెయిమూ లేదు. నా దగ్గరున్న ఒరిజినల్ డాక్యుమెంట్ తిరిగి ఇచ్చేశాను." కింద ఆయన పాన్ నంబరు, సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. రెండో బ్రోకరు ఒక సాక్షిగా ఉంటే ఇంకా మంచిది. లింక్ డాక్యుమెంట్ ప్రతి పేజీ చూసుకున్నాకే చెక్కు చేతికివ్వండి. ఆయన కాగితం రిజిస్ట్రేషన్ ముందే ఇవ్వనని మొండికేస్తే, ఒప్పుకున్న మొత్తంలో సగం ఇచ్చి కాగితం తీసుకుని, మిగతా సగానికి రిజిస్ట్రేషన్ తేదీతో చెక్కు ఇవ్వండి. ఆ చెక్కు బౌన్స్ కాకుండా చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం మీది.

ఈ రసీదులు పారేయకండి. ఫ్లాట్ అమ్మితే వచ్చే లాభం మీద ఆదాయపు పన్ను లెక్కేసేటప్పుడు, అమ్మకం కోసమే పెట్టిన కమీషన్ ఖర్చును తీసివేసుకోవచ్చు. క్యాష్‌గా ఇచ్చి రసీదు లేకపోతే ఆడిటరు కూడా ఏమీ చేయలేరు. ఇంకో మాట, ధర 50 లక్షలు దాటింది కాబట్టి కొనేవాళ్లు మీకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ కట్ చేస్తారు. అదీ 68,000 రూపాయలే. అంకె ఒకటే అవడంతో కమీషన్‌తో కలిపేసుకుని కంగారు పడకండి. ఆ టీడీఎస్ మీ పాన్ మీద జమయి, రిటర్న్‌లో లెక్కకు వస్తుంది.

మళ్లీ ఎప్పుడైనా ఏదైనా అమ్మాల్సి వస్తే, లేదా మీ వాళ్లెవరైనా అమ్ముతుంటే, 100 రూపాయల స్టాంపు పేపరు మీద ఒక పేజీ రాసుకుంటే ఇంత దూరం రాదు. అందులో శాతమెంత అన్నది అందరూ రాస్తారు. మర్చిపోయేవి వేరే ఉన్నాయి. శాతం దేని మీద, జీఎస్టీ కలిపా విడిగానా, అగ్రిమెంట్ రోజు ఎంత, రిజిస్ట్రేషన్ రోజు ఎంత, కొనేవాళ్లు వెనక్కి పోతే ఎంత, మీరే మనసు మార్చుకుంటే ఎంత. ఒప్పందం ఎన్నాళ్లు, 60 రోజులా, 90 రోజులా? గడువు అయ్యాక, ఆయన చూపించినవాళ్లే మళ్లీ వచ్చి కొంటే కమీషన్ ఉందా, ఉంటే ఎన్ని నెలల దాకా? ఈ చివరి లైను మీ ఒప్పందంలో ఉండి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే పడేది కాదు. ఎవరినైనా తీసుకొచ్చిన రోజే వాళ్ల పేరు, తేదీ వాట్సాప్‌లో పెట్టమనండి. రెండో బ్రోకరు అదే మనిషితో వస్తే, ఫ్లాట్ చూపించకముందే మొదటాయనకు ఫోన్ చేయండి.

"నాకు 67 చేతికి రావాలి, పైన ఎంతొస్తే అంత నువ్వు తీసుకో" అనే ఒప్పందం మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి. పైన ఎంతొచ్చిందో మీకు తెలియదు, కొనేవాళ్లకు మీరెంత అడిగారో తెలియదు. ఇద్దరూ ఒకసారి మాట్లాడుకున్నారంటే గొడవ ఖాయం. అడ్వాన్స్ డబ్బు బ్రోకరు చేతికి కాకుండా నేరుగా మీ అకౌంటుకే రావాలి. ఎవరు అడిగినా జిరాక్స్‌లే ఇవ్వండి. బ్యాంకు లాయరు ఒరిజినల్ చూడాలంటే మీరే తీసుకెళ్లి చూపించి, మీరే వెనక్కి తెచ్చుకోండి.